ఇరవై రెండు మిల్లీమీటర్ల ఇంజను

రాజలింగు చెవులు పోతున్న సంగతి మొదట పట్టుకున్నది ఆయన భార్య సోమక్క. ఒక ఆదివారం పొద్దున పెరట్లో బట్టలు ఉతుకుతూ, కుక్కరు మూడు కూతలు కూయగానే దించమని ఆయనకు చెప్పింది. ఆయన పొయ్యికి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఫ్యాను రెగ్యులేటరు విప్పుకుంటున్నాడు. పెరట్లోకి ఆరు కూతలు వినిపించాయి. ఆమె తడి చేతులతో లోపలికి ఉరికొచ్చేసరికి పప్పు మాడిన వాసన ఇల్లంతా కమ్మేసింది.

ఆయన తల ఎత్తి, "ఏమాయె, గట్ల ఉరికొస్తున్నవ్?" అన్నాడు.

ఆయన వెటకారమాడటం లేదని ముఖం చూస్తే తెలిసిపోయింది. సోమక్క కుక్కరు దించింది.

రాజలింగు భూపాలపల్లి బొగ్గు గనిలో ఫిట్టరు. ముప్పై ఏళ్లు పంపులు, మోటార్లు, బెల్టులు నడిపే డ్రమ్ములు చూశాడు. చప్పుడు విని జబ్బు చెబుతాడని ఆయనకు పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మూత మీద ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఒత్తుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. అర నిమిషం తర్వాత కళ్లు తెరిచి, "గిది ఇంకో పదిహేనొద్దులు నడుస్తది, కొత్తది తెప్పియ్యుండ్రి" అంటే పదిహేనో రోజుకో పదహారో రోజుకో అది మొరాయించేది. ఇంజనీర్లు సైతం "రాజలింగు విన్నాడా?" అని అడిగి గానీ పని మొదలుపెట్టేవాళ్లు కాదు.

అటువంటి మనిషికి చెవులు పోవడం ఒక్కరోజులో జరగలేదు. మొదట పిట్టల అరుపులు పోయాయి, తర్వాత ఫోను మోత, ఆ తర్వాత ఆడవాళ్ల మాటలు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, ఊహించి సగం జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. అర్థం కాకపోతే తల ఊపేవాడు. చాలాసార్లు అది సరిపోయేది.

గనిలో సరిపోనిది ఒక్కసారి. రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు, గని లోపల నీళ్లు తోడే పెద్ద పంపు దగ్గర యుగేందర్ డ్యూటీలో ఉన్నాడు. యుగేందర్‌ది చిట్యాల, సోమక్క పుట్టిన ఊరే. అందుకని ఆమెను అక్కా అని, రాజలింగును బావా అని పిలిచేవాడు. ఆ రోజు రాజలింగు అటుగా వస్తే ఆపి, దగ్గరికి జరిగి గట్టిగా చెప్పాడు.

"బావా, సౌండ్ జర మారినట్టు కొడ్తున్నది. ఒక్కపారి ఇను."

రాజలింగు స్క్రూడ్రైవరు ఆనించాడు. పిడి చెవికి ఒత్తుకున్నాడు. ఏమీ వినబడలేదు. మంచి బేరింగుకు ఉండాల్సిన మెత్తని ఝుమ్మనే చప్పుడు కూడా లేదు. చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కే. ఆయన కళ్లు తెరిచి, "మంచిగనే ఉన్నది. నడవనియ్యి" అన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టులో బేరింగు పట్టేసింది, మోటారు కాలింది. నీళ్లు నడుముదాకా వచ్చాయి. లోపల ఉన్న ఇద్దరు కూలీలు తాడు పట్టుకుని బయటికి నడిచొచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ విచారణ జరిగింది. విచారించిన ఆఫీసరు గది పక్కనే గాలి కొట్టే యంత్రం నడుస్తోంది. ఆయన ఏదో అడిగాడు. యుగేందర్ పేరు మాత్రం పెదవుల మీద తెలిసింది. 'రాసిచ్చిండా' అని అడిగినట్టు రాజలింగుకు అనిపించింది. యుగేందర్ రాసి ఇవ్వలేదు, నోటితోనే చెప్పాడు. అందుకని "లేదు సార్" అన్నాడు. ఆఫీసరు రాసుకుని కాగితం తిప్పి పెట్టాడు. రాజలింగు సంతకం చేశాడు.

మూడు రోజుల తర్వాత యుగేందర్‌కు మెమో వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆఫీసరు అడిగింది 'సౌండు మారిందని నీకు చెప్పిండా' అని. పంపు జబ్బును పట్టించుకోలేదనీ, ఎవరికీ చెప్పలేదనీ యుగేందర్‌ను పంపు మీద నుంచి తీసేసి బొగ్గు బెల్టు కింద రాలిన పొడిని ఎత్తే పనికి వేశారు.

వెనక్కి వెళ్లి, సార్, నాకు సరిగ్గా వినబడలేదు అని చెబితే సరిపోయేది. చెబితే మరుసటి ప్రశ్న ఏమిటో కూడా ఆయనకు తెలుసు. వినబడకపోతే పంపు ఎలా పరీక్షించావు? ఆ ప్రశ్నకు జవాబు లేక రాజలింగు ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. రిటైర్మెంటు రోజు శాలువా కప్పారు, దండలు వేశారు. యుగేందర్ రాలేదు.

"మా తమ్ముడేడి, కానొస్తలేడు?" అని సోమక్క అడిగింది.

"డ్యూటీ ఉన్నదేమో" అన్నాడు.

*

రిటైరైన ఏడాదంతా రాజలింగు ఇంటి వెనకాల రేకుల షెడ్డులోనే గడిపాడు. అందులో ఒక బల్ల, ఇనుము బిగించి పట్టే వైసు, హన్మకొండలో మూతబడ్డ వర్క్‌షాపు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న, ఇనుమును తిప్పి చెక్కే చిన్న లేతు ఉన్నాయి. తలుపులకు గొళ్లాలు, పక్కింటివాళ్ల మోటారుకు ఇరుసు ఊగకుండా పట్టే బుష్షులు చేసేవాడు. మనుషుల్లోకి పోవడం తగ్గించాడు. జనగామలో కరెంటాఫీసులో పనిచేసే కూతురు సంధ్య ఒకసారి వచ్చి, దవాఖానకు తీసుకుపోయి, చెవి మిషను కొనిచ్చింది. ఆయన దాన్ని పెట్టెతో సహా అల్మారాలో పెట్టాడు.

"పెట్టుకో నాయినా. గంత మంచిది కొనుకొచ్చిన" అంది సంధ్య, ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి.

"పెట్టుకుంట బిడ్డా. పండుగ పోనియ్యి" అన్నాడు. ఆ పండుగా పోయింది, దాని తర్వాతి పండుగా పోయింది.

ఆ వానాకాలంలో ఫోనులో ఒక వీడియో చూశాడు. ఏ దేశమో తెలియదు, ముసలాయన ఒకడు బల్ల మీద కొబ్బరికాయంత ఇంజను పెట్టి నడిపిస్తున్నాడు. నిజం ఇంజనే, పెట్రోలుతో నడుస్తోంది. పిస్టను, వాల్వులు, ప్లగ్గు, అన్నీ ఉన్నాయి, చిన్నగా. రాజలింగు ఆ వీడియో పదిసార్లు చూశాడు. చప్పుడు వినబడకపోయినా ఆయనకు లోటనిపించలేదు. ఫ్లైవీలు తిరగడం కనబడుతోంది, ముసలాయన బల్ల మీద చెయ్యి వేసి ఉంచాడు. చేత్తోనే దాని నడక తెలుసుకుంటున్నాడని రాజలింగుకు తోచింది.

మరునాడు గ్రాఫు కాగితాలు తెచ్చి గీయడం మొదలుపెట్టాడు. చిట్యాలలో మామగారి పొలం దగ్గర పాతకాలం ఆయిల్ ఇంజను ఉండేది. పడుకుని ఉన్న సిలిండరు, పైన నీళ్ల తొట్టి, రెండు పక్కలా రెండు చక్రాలు. ఆ వాటం పెట్టుకున్నాడు. సిలిండరు లోపలి వెడల్పు ఇరవై రెండు మిల్లీమీటర్లు. పిస్టను నడక ఇరవై ఎనిమిది. చక్రాలు చాయ్ సాసర్లంత.

పాత స్కూటరు పిస్టను కరిగించి కొత్త పిస్టనుకు పోత పోశాడు. కరిగించింది సోమక్క అటక మీద దాచుకున్న ఇనుప మూకుట్లో.

"గది నా మూకుడు!" అని ఆమె కేకేసింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె చుట్టూ తిరిగి ముందుకొచ్చి, మూకుడును వేలితో చూపించి, "పండుగకు గరిజలు దేంట్ల కాల్చాలె?" అని అడిగింది.

"గరిజలు యాడాదికొక్కపారి గద."

"ఇగ యాడాదికొక్కపారి గూడ లేవు పో" అని వెళ్లిపోయింది.

సిలిండరుకు మంచి పోత ఇనుము కావాలి. కేసముద్రంలో మార్కెట్ యార్డు ఎదురుగా మాన్‌సింగ్ లేతు షాపు పెట్టుకున్నాడు. తండా నుంచి వచ్చి ఐటీఐలో రాజలింగుతో కలిసి చదివినవాడు. ట్రాక్టర్ల పనితో ఆ షాపుకు తీరికుండదు. రాజలింగు వెళ్లిన రోజు యార్డుకు పత్తి లారీలు వరసకట్టాయి, హారన్లు మోగుతున్నాయి. మాన్‌సింగ్ లేతు ఆపకుండానే, మూలనున్న పాత సామాన్ల కుప్ప వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పాడు. రాజలింగు తల ఊపి, కుప్పలోంచి ట్రాక్టరు ఇంజను సిలిండరు లోపలి తొడుగు, స్లీవు ముక్కొకటి ఏరుకున్నాడు. మాన్‌సింగ్ మళ్లీ ఏదో చెప్పాడు. రాజలింగు మళ్లీ తల ఊపాడు, నవ్వాడు, వచ్చేశాడు.

ఆ స్లీవుతో పదిహేను రోజులు కుస్తీ పట్టాడు. లేతు మీద పెడితే పనిముట్టు మొన జారిపోతోంది. నూరుకుని మళ్లీ పెడితే మొన ఎగిరిపోతోంది. నాలుగు పనిముట్లు పాడయ్యాయి. చివరికి స్లీవు సంచిలో వేసుకుని మళ్లీ కేసముద్రం బస్సెక్కాడు.

మాన్‌సింగ్ స్లీవు చూడగానే లేతు ఆపేశాడు. దగ్గరికొచ్చి, "గిదెందుకు తీస్కపోయినవే? ఒద్దని చెప్పిన గదనే. లోపలంత గట్టి చేసిన ఇనుము, మన పనిముట్లకు తెగదని రెండుపార్లు చెప్పిన. నువ్వు తలకాయ ఊపినవ్" అన్నాడు.

లేతు ఆగి ఉంది కాబట్టి, ముఖం ఎదురుగా ఉంది కాబట్టి ఈసారి చాలావరకు అర్థమైంది. రాజలింగు స్లీవును కుప్ప మీద పెట్టాడు.

"నాకు ఇనవడలేదు మాన్‌సింగ్."

"మల్ల అడుగాలె గద."

"గా రోజే కాదు. నాకు ఇనవడదు. నాలుగేండ్లాయె."

ఈ మాట ఆయన బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. మాన్‌సింగ్ జాలిపడలేదు, ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు. "నాకు షుగర్ ఉన్నది. ఎడమ కన్ను సగమే కానొస్తది. కొలతలు మా తమ్ముడు బాల్‌సింగ్ చూస్తడు" అన్నాడు. తర్వాత కుప్పలోంచి పాత పిండి గిర్ని పుల్లీ ఒకటి లాగి, దాని మీద ఆకురాయి ఒక్క తోపు తోసి, రాలిన నల్లటి రజను వేళ్ల మధ్య నలిపి చూపించాడు. మాట అవసరం లేకుండానే తెలిసింది, అది మెత్తటి పోత ఇనుము, సిలిండరుకు పనికొస్తుంది.

పుల్లీ సంచిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక రాజలింగుకు ఒకటే ఆలోచన. వినబడదని చెబితే ఏమవుతుందని ఇన్నాళ్లు భయపడ్డాడో అది కాలేదు. మాన్‌సింగ్ షాపులో ఏ కప్పూ కూలిపోలేదు. అంత తేలిక మాటను మింగి, చిట్యాల పిల్లగాణ్ని బొగ్గు పొడి ఎత్తే పనికి పంపాడు.

*

సిలిండరు పది రోజుల్లో తయారైంది. పిస్టను రింగులు మాత్రం ఏడిపించాయి. పోత ఇనుముతో గాజుల్లా చెక్కి, ఒక పక్క చీల్చి, పిస్టను మీదికి విప్పి ఎక్కించాలి. కొంచెం ఎక్కువ విప్పితే పుటుక్కున విరుగుతాయి. విరిగిన సంగతి ఆయనకు వేళ్లకే తెలిసేది. పదకొండు విరిగాక రెండు నిలబడ్డాయి. స్టీలు బోల్టులు చెక్కి వాల్వులు చేశాడు. పాత మోపెడ్ నుంచి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కాయిలు తీశాడు. గడ్డి కోసే మిషనుకు వాడే చిన్న ప్లగ్గు తెచ్చి బిగించాడు. సంక్రాంతి వెళ్లిన రెండో వారానికి ఇంజను బల్ల మీద నిలబడింది.

నడవలేదు.

నిప్పురవ్వ పడుతోంది, కళ్లారా చూశాడు. పెట్రోలు వస్తోంది. తాడు చుట్టి లాగితే చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. కానీ అంటుకోదు. ప్లగ్గు తీసి ఆ కన్నం మీద బొటనవేలు పెట్టి చూస్తే గాలి ఒత్తిడి తన్నాల్సినంత తన్నడం లేదు. ఎక్కడో కారిపోతోంది. సిలిండరు మూత చుట్టూ సబ్బు నురుగు పూశాడు, ఒక్క బుడగ రాలేదు. మూత విప్పి మళ్లీ బిగించాడు. రింగులు తీసి చూశాడు. వారం గడిచింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సోమక్క అన్నానికి పిలవడానికి షెడ్డులోకి వచ్చింది. పిలిస్తే వినబడదు కాబట్టి భుజం తట్టాలి. ఆయన చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, ఒత్తిడి దగ్గర ఆపి పట్టుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

తర్వాత భుజం తట్టింది. ఆయన చూడగానే, "సుయ్యిమంటుంది" అంది.

"ఏంది?"

"నీ ఇంజను. సుయ్... అని. గాలి పోతున్నది." నోటితో చేసి చూపించింది.

రాజలింగు ఆమె పెదవుల మీద ఆ 'సుయ్' చదివాడు. తర్వాత గబగబా లేచి, పెట్రోలు పోసే సన్నటి రబ్బరు గొట్టం తుడిచి, ఒక కొస ఆమె చెవి దగ్గర పెట్టాడు. రెండో కొస ఆమె చేతికే ఇచ్చాడు.

"నేను తిప్పి పట్టుకుంట. నువ్వు గిది ఒక్కోకాడ పెట్టి చూడు. యాడ ఎక్కువ ఇనవడ్తదో చెప్పు. మూడే జాగలు. గిక్కడ, పెట్రోలు పీల్చేకాడ. గిక్కడ, పొగ గొట్టం. గిక్కడ, పిస్టను వెనుక క్రాంకు డబ్బా."

"అన్నం సల్లగైతది."

"కానియ్యి."

ఆయన తిప్పి పట్టుకున్నాడు. ఆమె వంగి, నుదురు ముడిచి, గొట్టం కొస అటూ ఇటూ జరిపింది. పీల్చే చోట తల అడ్డంగా ఊపింది. క్రాంకు డబ్బా దగ్గర కొంచెం ఆలోచించి, చిటికెన వేలి కొస చూపించింది, ఇంత అని. పొగ గొట్టం దగ్గర పెట్టగానే గొట్టం చెవి నుంచి దూరం జరుపుకుంది.

"గీడనే. గీడ మస్తు పోతున్నది" అంది. "మా నాయిన పొలం కాడ ఇంజను గూడ ఒక యాడాది గిట్లనే సుయ్యిమన్నది. ఇంట్ల కూసున్నా ఎరుకయ్యేది."

పొగ గొట్టంలోంచి అంటే పొగ వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదన్న మాట. విప్పి చూస్తే ఆమె చెప్పిందే నిజం. వాల్వు కూర్చునే గాడి వెంట్రుకవాసి పక్కకు తెగింది. వారం రోజులుగా ఆయన మూత మూత అని వెతుకుతున్నాడు.

రాజలింగు ఆ వాల్వును అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. సోమక్క పోబోతుంటే కొంగు పట్టి ఆపాడు.

"గా పంపు గూడ గిట్లనే చప్పుడు చేసిందేమోనే" అన్నాడు.

"ఏ పంపు?"

అప్పుడు చెప్పాడు. స్క్రూడ్రైవరు పెట్టింది, ఏమీ వినబడనిది, మంచిగనే ఉన్నదన్నది, ఆఫీసరు అడిగింది, సంతకం పెట్టింది.  ఆయన అయిపోయిందన్నట్టు చేతులు తిప్పాక, సోమక్క ఎదురుగా పాత డబ్బా బోర్లేసుకుని కూర్చుంది.

"మనుషులకేమన్న అయిందా?"

"కాలె."

"యుగేందర్ అమ్మ చిలుకమ్మ మొన్న చిట్యాలల కలిసింది. కొడుకుకు దగ్గు పట్టిందని, రాత్రి పగలు దగ్గుతున్నడని ఏడ్సింది. బొగ్గు పొడి పని ఎవలేసిండ్రో అని ఎవన్నో తిట్టింది. నేను గూడ తిట్టిన, ఆమెతోని కలిసి." సోమక్క గొంతు పెరిగింది. వినబడకపోయినా మెడ నరాలు ఉబ్బడం ఆయనకు కనిపించింది. "నేను తిట్టింది నిన్నేనా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమె గడ్డం పట్టి ముఖం పైకెత్తింది, ఆయన తన పెదవులు చూసేటట్టు.

"చెవులు పోయినయంటే ఇజ్జత్ పోతదా? ముసలైతే పోవా? చెవులు పోతే తప్పు లేదు. పోయినయని చెప్పకపోవుడు తప్పు. పో. రేపే పో. చెప్పిరా."

"నువ్వు గూడ రా."

"నేను రాను. సంతకం నువ్వు పెట్టినవ్. నువ్వే పో. తమ్ముడు చెప్పేది అర్థం గాకుంటే మల్ల అడుగు. తలకాయ ఊపకు."

*

మరునాడు రాజలింగు అల్మారాలోంచి చెవి మిషను తీసి పెట్టుకున్నాడు. ముందు ఫ్యాను చప్పుడు వచ్చింది, రేకుల మీద కోతి దూకినట్టు. తర్వాత తన చెప్పుల చప్పుడు. మాటలు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి. అయినా తీయలేదు. తెల్ల కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

యుగేందర్‌ది రెండో షిఫ్టు. కాలనీలో వాళ్ల క్వార్టరు తలుపు అతని భార్య పద్మలత తీసింది. రాజలింగును చూసి పక్కకు జరిగింది, లోపలికి రమ్మనలేదు. యుగేందర్ బనీనుతో బయటికొచ్చాడు. సన్నబడ్డాడు.

"నీతోని ఒక మాట చెప్పనీకె వచ్చిన" అన్నాడు రాజలింగు. నిలబడే చెప్పాడు. మొదట్నుంచి చివరిదాకా.

యుగేందర్ విని, అరుగు మీద కూర్చున్నాడు. "మూడుపార్లు చెప్పిన బావా గా సార్‌కు. మా బావ వచ్చి ఇన్నడు, మంచిగనే ఉన్నదన్నడు అని. సార్ నీ కాయితం తీసి నా ముందల పెట్టిండు. సంతకం చూసిన. ఇగ నేనేం మాట్లాడాలె?"

మధ్యలో రెండు మాటలు పోయాయి. రాజలింగు, "మల్ల చెప్పు, నాకు పూర్తిగ ఇనవడలె" అన్నాడు. యుగేందర్ మళ్లీ చెప్పాడు, మాటమాటకూ ఆగుతూ. 

"సార్ అడిగింది నాకు అర్థం కాలె యుగేందర్."

"గప్పుడు అర్థం కాలె. మూడొద్దులకు ఎరుకైంది గద?"

"ఐంది."

"మరి?"

"భయపడ్డ. రాజలింగు ఇన్నడంటే ఇన్నడే అనేటోళ్లు. గా పేరు పోతదని."

"నీ పేరు ఉన్నది. నాది పాయె." యుగేందర్ దగ్గొచ్చి ఆగాడు. "మెమో సంగతి ఇడిసిపెట్టు. నువ్వు అబద్ధమాడినవని నేను రెండేండ్లు అనుకున్న. మా అక్క ఇంటికి నేను రాలె. అక్క ఎదురైతే రోడ్డు దాటి పోయిన."

రాజలింగు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. "ఆఫీసుల ఇస్త. ముందుగాల్ల నువ్వు సదువు."

యుగేందర్ చదివి, లోపలికెళ్లి పెన్ను తెచ్చి, ఒక చోట గీత గీశాడు. "గా రోజు నాది రెండో షిఫ్టు. నువ్వు మొదటిదని రాసినవ్" అని దిద్ది తిరిగిచ్చాడు. పోయి రమ్మని గానీ కూర్చోమని గానీ అనలేదు. పద్మలత మాత్రం గేటుదాకా వచ్చి చెంబుతో నీళ్లు ఇచ్చింది.

ఆఫీసులో ఇప్పుడున్నది వేరే ఆఫీసరు. కాగితం రెండుసార్లు చదివి, "ఇంత ఆలస్యంగానా?" అన్నాడు.

"ఆలస్యమే సార్" అన్నాడు రాజలింగు.

ఏమైనా చేస్తామో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కాగితం తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆయన ఇంటికొచ్చి మిషను తీసి పెట్టెలో పెట్టి, తల నొప్పిగా ఉందని పడుకున్నాడు.  ఆయన లేచాక సోమక్క చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఏమైందని అడిగింది. అన్నీ చెప్పాడు, రోడ్డు దాటి పోయిన సంగతి కూడా. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

*

గాడి కొత్తగా చెక్కడానికి, వాల్వుకు గ్రైండింగు పేస్టు పూసి అటూ ఇటూ తిప్పుతూ నూరడానికి నాలుగు రోజులు పట్టింది. ఈసారి సోమక్కను పిలిచి గొట్టం చెవిలో పెట్టించాడు. ఆమె మూడు చోట్లా విని, క్రాంకు డబ్బా దగ్గర చిటికెన వేలి కొస చూపించి, మిగతా రెండింటికీ తల అడ్డంగా ఊపింది.

శివరాత్రికి ముందు గురువారం, పొద్దున పది గంటలకు, ఆయన తొట్టిలో నీళ్లు పోసి, పెట్రోలు తిప్పి, తాడు చుట్టి లాగాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి సోమక్క ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన ఆమెను చూసి, తర్వాత చక్రాన్ని చూశాడు. అది ఎదురు తన్ని ఆగిపోయింది. అంటుకుంది! పెట్రోలు పాళ్లు మార్చే సూదిని పావు చుట్టు బిగించి మళ్లీ లాగాడు.

ఈసారి చక్రాలు ఆగలేదు. పొగ గొట్టం కొసన నీలం పొగ బుసబుసా వచ్చి పలచబడింది. రాజలింగు చెవి మిషను పెట్టుకునే ఉన్నాడు, కానీ అందులో గరగరమన్న మోత తప్ప ఏమీ తెలియలేదు. తీసి జేబులో వేసుకున్నాడు. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాడు.

టేకు చెక్కలోంచి దెబ్బలు వస్తున్నాయి. ఒకదాని వెంట ఒకటి, సమంగా. ఎనిమిదో తొమ్మిదో దెబ్బలకొకసారి ఒకటి తప్పుతోంది. ఆయన సూదిని వెంట్రుకవాసి వదులు చేశాడు. తప్పడం మానేసింది.

"ఎట్లున్నది?" అని అడిగాడు.

సోమక్క ఆలోచించింది. "కుట్టు మిషను లెక్క. కాదు. దానికంటె మెత్తగున్నది. ఆవుదూడ పాలు తాగుతుంటె తల్లి పొదుగును పొడుస్తది సూడు, గట్ల."

"సుయ్యిమంటున్నదా?"

"లేదు."

నాలుగు నిమిషాలు నడిచింది. తొట్టిలో నీళ్లు వేడెక్కి ఆవిరి లేచాక ఆయనే ఆపాడు. సంధ్యకు చూపించడానికి సోమక్క ఫోనులో తీసిన వీడియోలో ఇంజను సగం, రాజలింగు వీపు సగం వచ్చాయి. మరో వీడియో తీయాలని ఆమె పట్టుబట్టింది. అందుకని చల్లారాక మళ్లీ నడిపాడు.

ఆఫీసు నుంచి జవాబు రావడానికి వేసవంతా పట్టింది. రాజలింగును రెండుసార్లు పిలిచి అడిగారు. రెండుసార్లూ ఆయన, "నాకు ఇనవడదు, జర నా దిక్కు చూసి చెప్పుండ్రి సార్" అని ముందే చెప్పి కూర్చున్నాడు. ఫైలులోంచి మెమో తీసేశారు. పంపు డ్యూటీ ఖాళీ అయినప్పుడు చూస్తామన్నారు. ఆ సంగతి చెప్పడానికి సోమక్క చిలుకమ్మ దగ్గరికి వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చింది. ఆ ముసలామె ఏమన్నదో ఆయనకు పూర్తిగా చెప్పలేదు.

యుగేందర్ జులైలో వచ్చాడు. రెండో షిఫ్టుకు పోతూ పోతూ, మధ్యాహ్నం ఒంటి గంటకు. సోమక్క పెట్టిన అన్నం తిన్నాడు. పంపు మీదికి వేశారనీ, దగ్గు కొంచెం తగ్గిందనీ అక్కకు చెప్పాడు. తర్వాత షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు.

"గిదేనా, అక్క చెప్పింది?"

రాజలింగు ఇంజను నడిపాడు. యుగేందర్ వంగి చూశాడు, విన్నాడు. చాలాసేపు విన్నాడు. అలవాటైన మనిషి కదా, తల ఒక పక్కకు వంచి, వెనక చక్రం వైపు వేలు చూపించాడు.

"గీ బుష్షు జర వదులున్నది బావా. టకటక కొడ్తున్నది."

రాజలింగు ఇంజను ఆపి, చక్రం పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూశాడు. నిజమే, వదులుగానే ఉంది. స్పానరు తీసుకుని విప్పడం మొదలుపెట్టాడు. షిఫ్టుకు టైమైందని యుగేందర్ బండి తీశాడు.